రాయల కొలువుకు జిక్కి గొంతు

1991లో కూర్చున్న ప్రేక్షకుణ్ణి 1526కు తీసుకెళ్లాలి. సెట్టు వెయ్యొచ్చు, నగలు దిగెయ్యొచ్చు, పాత్రల చేత గ్రాంథికం పలికించొచ్చు. 'ఆదిత్య 369'లో సింగీతం శ్రీనివాసరావు ఇవన్నీ చేశారు. కానీ రాయల కొలువు అప్పటికే తెలుగు తెరకు పాతకాపు. కిరీటాలు చూసి నమ్మేవాడు ఎవడూ లేడు. అందుకే ఆ సినిమాలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునే పనితనం కాలయంత్రంలో లేదు. విజయనగర ఘట్టంలో వచ్చే 'జాణవులే' పాటకు జిక్కి చేత పాడించడంలో ఉంది.

వాడరేవు, చీరాల, బాపట్ల వైపు వాళ్లకు జిక్కి అనగానే 'రోజులు మారాయి' (1955)లోని ఏరువాక పాట గుర్తొస్తుంది. రాసిన కొసరాజు రాఘవయ్య చౌదరిది బాపట్ల దగ్గరి అప్పాపురం. బాణీ మాస్టర్ వేణుది. తెర మీద ఆడింది అప్పటికింకా ఎవరికీ తెలియని వహీదా రెహమాన్. ఆ పాటలో జిక్కి గొంతు సన్నగా, కాస్త కరుకుగా, పైస్థాయిలో కూడా మాట నలగకుండా వినపడుతుంది. సంగతి వేసి వెంటనే మాటలోకి దిగుతుంది తప్ప గమకాన్ని సాగదీసి చూపించుకోదు. 1991 నాటికి అలాంటి గొంతు తెరమీద అరుదైపోయింది. జనం చెవులు జానకికీ చిత్రకూ అలవాటుపడ్డాయి. 'ఆదిత్య 369'లోనే 'రాసలీల వేళ' బాలసుబ్రహ్మణ్యం, జానకి పాడారు. ఎంతో మధురమైన పాట, కానీ అది ఏ కాలానికైనా చెల్లే మాధుర్యం. అదే బాలు 'జాణవులే'లో జిక్కి పక్కన పాడుతుంటే ఆమె గొంతు మొదలయిన మరుక్షణం, ఇది ఇప్పటిది కాదు అని చెవికి తెలిసిపోతుంది. ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. 1526 నాటి పాట ఎలా ఉండేదో విన్నవాళ్లెవరు? ఎడిసన్ ధ్వనిని పట్టి తిరిగి వినిపించింది 1877లో. అంతకు ముందరి గొంతులు దాదాపు అన్నీ గాలిలో కలిసిపోయినవే. కాబట్టి మన చెవికి తెలిసిన గతం మహా అయితే తాతల నాటి గ్రామఫోను, రేడియో దాకానే. సింగీతం, సంగీత దర్శకుడు ఇళయరాజా ఇద్దరూ నమ్ముకున్నది సరిగ్గా దీన్నే. నాలుగున్నర శతాబ్దాల దూరాన్ని చూపడానికి 36 ఏళ్ల నాటి గొంతు చాలింది. శాసనాలు తవ్వి రాగం పట్టుకొచ్చినా ఇంత పని జరిగేది కాదు.

ఇంగ్లిషు సినిమాల్లోనూ ఇదే కిటుకు కనిపిస్తుంది. 'స్టార్ వార్స్' (1977)లో గ్రహాంతరవాసుల మద్యశాలలో బ్యాండు వాయించే పాటకు జార్జ్ లూకాస్ ఇచ్చిన సూచన ఏమిటంటే, 1930ల నాటి బెన్నీ గుడ్‌మన్ స్వింగ్ సంగీతం ఎవరో వింతజీవులకు దొరికి, దాన్ని వాళ్లు తమకు తోచినట్టు వాయిస్తున్నారనుకోమని. జాన్ విలియమ్స్ అలాగే కట్టారు. 'బ్యాక్ టు ది ఫ్యూచర్' (1985) దీన్ని తిరగేసింది. 1955 నాటి డాన్సు హాల్లో కుర్రాడు రాబోయే కాలపు రాక్ పాట వాయిస్తాడు. గొంతు మార్క్ క్యాంప్‌బెల్‌ది, గిటారు టిమ్ మేది. అయితే తెర మీద కనిపించే ఆ గిబ్సన్ గిటారు మోడల్ 1958 దాకా మార్కెట్లోకే రాలేదు! 'ది ఫిఫ్త్ ఎలిమెంట్' (1997)లో నీలిరంగు గాయని దొనిజెట్టి ఆపెరా ఎత్తుకుంటుంది. ఇన్వా ములా పాడిన ఆ పాటలో మనిషి గొంతుకు అందనంత వేగమున్న స్వరాలను విడివిడిగా పట్టి అతికారు. వినడానికి ఒళ్లు జలదరిస్తుంది కానీ, నాకది కచేరీ కన్నా ప్రయోగశాలలా అనిపిస్తుంది.

మా వైపు తిరునాళ్లలో ప్రభల ముందు స్టేజీ మీద పాటకచేరీ జరిగితే, గాయనికి దక్కే పెద్ద మెప్పు 'అచ్చం రికార్డులో ఉన్నట్టే పాడింది' అనేది. సినిమాలో కచేరీకి కష్టం దీనికి ఎదురు. పాట ముందే స్టూడియోలో రికార్డయిపోయి ఉంటుంది. దాన్ని ఇప్పుడే, ఇక్కడే, ఎదురుగా పాడుతున్నట్టు చూపాలి. ఆ పని సగం గొంతే చెయ్యాలి. జిక్కి ఆ సగానికి మించే చేసింది.

సింగీతానికి ఈ చూపు ఊరికే రాలేదు. 'మాయాబజార్' (1957)కు కె.వి.రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన మనిషి. స్వయంగా సంగీతం తెలిసినవాడు. కన్నడంలో 'భాగ్యద లక్ష్మీ బారమ్మ' (1986)కు స్వరాలు కూర్చింది ఆయనే. 'ఆదిత్య 369'లో రాజనర్తకికి సింహనందిని అని పేరు పెట్టడంలోనూ అదే శ్రద్ధ ఉంది. కూచిపూడి వాళ్లకు తెలిసిన పేరది. నేల మీద రంగుపొడి పరిచి, ఆడుతూ ఆడుతూ పాదాలతోనే సింహం బొమ్మ గీసే నాట్యం. దాని తాళం సింహనందనం, 128 అక్షరాలు; నూట ఎనిమిది తాళాల్లోకీ పొడవైనది. సిల్క్ స్మితను అలాంటి పాత్రకు తీసుకోవడం కూడా 1991కి సాహసమే.

సినిమాలో మూడు కాలాలున్నాయి. ఛాయాగ్రాహకులూ ముగ్గురు: పి.సి.శ్రీరామ్, వి.ఎస్.ఆర్.స్వామి, కబీర్‌లాల్. కళ్లు మూడు జతలైనా చెవి మాత్రం ఒక్క ఇళయరాజాదే. ఒక్కటే అసంతృప్తి. 2504కు వెళ్లినప్పుడు భూగర్భంలో బతికే మనుషుల్ని చూస్తాం కానీ, వాళ్లు ఏం పాడుకుంటారో మన మనసులో నిలిచేలా వినిపించలేదు. గతానికి దొరికిన గొంతు భవిష్యత్తుకు దొరకలేదు.

2025 ఏప్రిల్‌లో ఈ సినిమా మెరుగులు దిద్దుకుని మళ్లీ హాళ్లకు వచ్చింది. చూసినవాళ్లూ చూడనివాళ్లూ ఓసారి ఏరువాక పాటనూ 'జాణవులే'నూ ఒకదాని వెంట ఒకటి వినండి. మొదటిది పాడేనాటికి జిక్కికి ఇరవై నిండలేదు. రెండోది పాడేనాటికి యాభై దాటాయి.