మాక్రోలో సందర్భం ప్రయాణించే దారులు

ప్రోగ్రామ్ నడవకముందే దాని కోడ్‌ను మరో రూపంలోకి మార్చి రాసే సాధనం మాక్రో. లిస్ప్ భాషకు దీన్ని 1963లో తిమోతీ హార్ట్ ప్రతిపాదించాడు. లిస్ప్ నుంచి స్కీమ్ భాషకు, అక్కడి నుంచి రాకెట్ భాషకు సాగిన ఈ సంప్రదాయానికి మొదటి నుంచీ ఎదురైన చిక్కు సందర్భం. ఒక పేరు ఏ నిర్మాణం లోపల ఉంది, దానికి అక్కడ ఏ అర్థం వర్తిస్తుంది అన్నది మాక్రోకు తెలియాలి.

తొలినాటి మాక్రోల్లో పేర్లు కలగాపులగమయ్యేవి. మాక్రో తన అవసరానికి ‘టెంప్’ అనే పేరు పెట్టుకుంటే, ప్రోగ్రామర్ రాసుకున్న ‘టెంప్’ దానికి చిక్కి లెక్క తప్పేది. 1986లో కోల్‌బెకర్, ఫ్రీడ్‌మన్, ఫెలైసెన్, డూబా ప్రకటించిన హైజీన్ పద్ధతి మాక్రో తెచ్చిన పేర్లనూ ప్రోగ్రామర్ పేర్లనూ వేరుచేసింది. అయితే కావాలని పంపే పేరు కూడా దీనివల్ల ఆగిపోతుంది. ‘వైల్’ అనే లూప్ మాక్రో తన లోపలి కోడ్‌కు, లూప్‌ను మధ్యలో ఆపే ‘బ్రేక్’ను అందించాలనుకున్నా, ఆ కోడ్‌కు అది కనబడదు.

దీనికి పాత పరిష్కారం డేటమ్-టు-సింటాక్స్ అనే ఫంక్షన్. ప్రోగ్రామర్ రాసిన కోడ్ సందర్భాన్ని అరువు తెచ్చుకుని ‘బ్రేక్’ పేరును తయారు చేస్తారు. ‘వైల్’ను వాడుకుంటూ మరో మాక్రో రాసినప్పుడు ఇది బెడిసికొడుతుంది. అరువు తెచ్చిన సందర్భం ఆ పై మాక్రోది అవుతుంది కాబట్టి, అసలు ప్రోగ్రామర్‌కు ‘బ్రేక్’ మళ్లీ కనబడదు.

బార్జిలాయ్, కల్పెపర్, ఫ్లాట్ 2011లో రాసిన పత్రం సింటాక్స్ పారామీటర్లను ఇందుకు మందుగా చూపింది. ‘బ్రేక్’ను బయట ఒక్కసారే నిర్వచించి, లూప్ వెలుపల వాడితే దోషమని చెప్పేలా ఉంచుతారు. మాక్రో కొత్త పేరు పుట్టించదు, లూప్ లోపలి కోడ్ వరకు, ముందే ఉన్న పేరుకే అర్థం మారుస్తుంది. లూప్‌లో లూప్ ఉంటే లోపలి అర్థమే చెల్లుతుంది.

కోడ్ ఆకారాన్ని గుర్తించే దశలోనూ సందర్భం కావాలి. కల్పెపర్, ఫెలైసెన్ 2010లో వివరించిన సింటాక్స్-పార్స్ అనే సాధనంలో ఆకారానికి పేరుపెట్టి సింటాక్స్ క్లాస్‌గా నిర్వచిస్తారు. ఈ క్లాస్ ఫంక్షన్‌లాగే విలువలు తీసుకోగలదు. ట్రాఫిక్ సిగ్నల్‌ను వర్ణించే మాక్రోలో ‘ఎరుపు తర్వాత పచ్చ’ వంటి మార్పు వాక్యాలు ఉంటాయనుకుందాం. మాక్రో ముందుగా స్థితుల పేర్లన్నీ పోగుచేసి, ఆ జాబితాను మార్పు వాక్యాల క్లాస్‌కు అందిస్తుంది. జాబితాలో లేని పేరు తగిలితే, దోషం సరిగ్గా ఆ పేరు దగ్గరే తేలుతుంది. కింద పేర్కొన్న స్థితిని పైనున్న వాక్యం ప్రస్తావించినా ఇబ్బంది ఉండదు. దోషం ఏ నిర్మాణానిదని చెప్పాలో తెలిపేందుకు సింటాక్స్-పార్స్‌లో ‘కాంటెక్స్ట్’ అనే ఐచ్ఛికం కూడా ఉంది. సహాయక ఫంక్షన్ పేరుకు బదులు ప్రోగ్రామర్ నిజంగా రాసిన మాక్రో పేరే సందేశంలో కనిపించేలా దాన్ని వాడతారు.

సింటాక్స్ క్లాస్‌కు అందేవి మాక్రో విస్తరించే, అంటే కోడ్‌ను మార్చి రాసే, సమయంలో దొరికే విలువలే. ప్రోగ్రామ్ నడిచేటప్పుడు పుట్టే విలువలు ఆ దారిలో వెళ్లవు. ఆకారాన్ని పరీక్షించడానికి సింటాక్స్ క్లాస్‌కు ఇచ్చే పారామీటర్, లోపలి కోడ్‌కు అర్థం ఇవ్వడానికి సింటాక్స్ పారామీటర్ తగినవి. కొత్త పేరును ప్రోగ్రామర్ పేర్లలోంచే అల్లాల్సిన చోట మాత్రం డేటమ్-టు-సింటాక్స్ ఇప్పటికీ అవసరమే. రికార్డు పేరుకు ఫీల్డు పేరు జోడించి కొత్త ఫంక్షన్ పేరు తయారుచేయడం అలాంటి సందర్భం.