సార్ గురించి నాలుగు మాటలు

"నువ్వు తెలుగుల పీహెచ్‌డీ చేసినవ్ గదా, జర చూసిపెట్టవే. తప్పులు దిద్దితే చాలు" అని నా స్నేహితురాలు ఒక కాగితాల కట్ట నా చేతిలో పెట్టింది. మా డిగ్రీ కాలేజీలో అమ్మాయిల ఖోఖో జట్టుకి ఏళ్ల తరబడి కోచ్‌గా ఉన్న ఫిజికల్ డైరెక్టర్ సార్ రిటైరయ్యారు. పాత విద్యార్థినులంతా కలిసి ఎల్‌బీ నగర్‌లో ఒక ఫంక్షన్‌హాల్ మాట్లాడారు. సన్మానం, శాలువా, భోజనాలు, ఒక సావనీరు. అందులో "సార్ గురించి నాలుగు మాటలు" అనే శీర్షిక కింద ఒక్కొక్కరూ అరపేజీ రాయాలి. నలభై దాకా వచ్చాయి. నేనూ ఒకటి రాయాలి.

తప్పులు దిద్దడానికి కూర్చున్నదాన్ని చదవడంలో పడిపోయాను. కథనీ కవితనీ చదివినంత శ్రద్ధగా ఇలాంటి రాతల్ని మనం చదవం. సన్మాన సంచికలు, వీడ్కోలు సభల్లో వణుకుతున్న చేతులతో చదివే కాగితాలు మన విమర్శలోకి రావు. కానీ ఈ నలభై మందిలో చాలామందికి అచ్చులో తమ పేరు చూసుకోవడం ఇదే మొదటిసారి, బహుశా చివరిసారి కూడా. జీవితంలో ఒకే ఒక్క అరపేజీ రాసే స్త్రీ, ఆ అరపేజీని ఒక మగ గురువుని తలచుకోవడానికి వాడుకుంటే, అందులో తనకి ఎంత చోటు ఇచ్చుకుంది? ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

దిల్‌సుఖ్‌నగర్ గురించి తెలియని వాళ్లకి ఒక మాట చెప్పాలి. ఇక్కడ కోచింగ్ అంటే ఆట కాదు. ఎప్‌సెట్ కోచింగ్, గ్రూప్స్ కోచింగ్, బ్యాంక్ కోచింగ్, కంప్యూటర్ కోర్సులు. నాలుగంతస్తుల మేడ నిండా క్లాసులు, పక్క సందులో లేడీస్ హాస్టళ్లు. గ్రౌండ్ అనేది లేని కాలేజీలు ఎన్నో. అలాంటి చోట మా కాలేజీకి ఒక మట్టి గ్రౌండ్ ఉండటమే గొప్ప. హయత్‌నగర్ నుంచి, వనస్థలిపురం నుంచి, మీర్‌పేట నుంచి బస్సుల్లో వచ్చే అమ్మాయిలం పొద్దున్నే ఆ మట్టిలో పరుగెత్తేవాళ్లం. అప్పటికి మెట్రో లేదు. అది ఎల్‌బీ నగర్ దాకా వచ్చింది 2018లో. నేను డిగ్రీ చదివింది 2010 నుంచి 2013 వరకు.

ఇక ఆ అరపేజీల సంగతి. దాదాపు అన్నింటి వాక్యనిర్మాణం ఒక్కటే. సార్ కర్త, మేము కర్మ. సార్ మమ్మల్ని తీర్చిదిద్దారు. సార్ మమ్మల్ని చెక్కారు. సార్ లేకపోతే నేను లేను. మట్టిముద్ద, రాయి, మొక్క - మా గురించి మేం వాడుకున్న పోలికలు ఇవీ. పోల్ దగ్గర డైవ్ కొట్టి మోచేతులు చీరేసుకున్నది మేమే, పరుగెత్తింది మా కాళ్లే. కానీ నలభై కాగితాల్లో "నేను పరుగెత్తాను" అనే వాక్యం మూడు చోట్ల మాత్రమే కనిపించింది.

ఇది మా కాలేజీ అమాయకత్వమేం కాదు. మన దేశంలో కోచ్‌లకి ఇచ్చే పెద్ద పురస్కారానికి పేరే ద్రోణాచార్య. 1985లో మొదలైంది. మొదటి ఏడాది అందుకున్న ముగ్గురూ మగవాళ్లే. వాళ్లలో ఒకరు పి.టి. ఉష కోచ్ ఓ.ఎం. నంబియార్. ఉష పరుగు ఆ పురస్కారానికి ఒక పునాది. ఇన్నేళ్లలో దాన్ని అందుకున్న స్త్రీలు కొద్దిమందే. పేరు పెట్టినవాళ్లకి ఏకలవ్యుడు గుర్తు రాలేదనుకోలేం. ద్రోణుడు ఆ పిల్లవాడికి ఏమీ నేర్పలేదు. పిల్లవాడే మట్టితో గురువుని చేసుకుని, తానే నేర్చుకుని, నేర్చుకున్నదంతా ఆ బొమ్మ లెక్కలో రాశాడు. లెక్క చూపించగానే బొటనవేలు అడిగారు. మా సావనీరు చదువుతుంటే మేం కూడా అలాంటి బొమ్మనే చేస్తున్నాం అనిపించింది. అయితే మా సార్ నిజంగానే నేర్పారు, అది ఒప్పుకోవాలి. హయత్‌నగర్‌లో ఒకమ్మాయి ఇంటికెళ్లి, వాళ్ల నాన్నతో రెండు గంటలు కూర్చుని, కుదిరిన పెళ్లిని ఏడాది వెనక్కి జరిపించారు. ఆ అమ్మాయి ఇప్పుడు స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం చేస్తోంది. ఆమె కాగితం చదువుతూ నేను కళ్లు తుడుచుకున్నాను.

అయినా తరువాతి కాగితం దగ్గర ఆగిపోయాను. "సార్ నన్ను గుమ్మడికాయ అని పిలిచేవారు. ఆ పిలుపు మళ్లీ వినాలని ఉంది" అని రాసింది ఒక జూనియర్. ప్రతి సోమవారం సార్ మమ్మల్ని వరసగా నిలబెట్టి బరువు తూచేవారు. అంకె గట్టిగా చదివేవారు. పక్కన వాలీబాల్ ఆడే అబ్బాయిలు వినేవాళ్లు, నవ్వేవాళ్లు. నేను ఆదివారం రాత్రులు హాస్టల్లో అన్నం మానేసేదాన్ని. గుమ్మడికాయ అనిపించుకున్న పిల్ల కూడా మానేసేది, నాకు తెలుసు, మాది ఒకే గది. ఇప్పుడు ఆమె ఆ పిలుపునే ప్రేమగా రాసుకుంది. అబద్ధం రాసిందని నేను అనను. జ్ఞాపకం అంతే, ముల్లుని ఒంట్లోనే ఉంచుకుని పైన చర్మం కప్పేస్తుంది.

అవమానాన్ని ప్రేమగా చదువుకోవడం మనకి సినిమాలూ నేర్పాయి. 2017లో వచ్చిన 'గురు' చూడండి. దర్శకురాలు సుధ కొంగర. బాక్సింగ్ చేసే అమ్మాయి, నోటిదురుసు కోచ్. ఆ అమ్మాయి కోపం, శరీరం, మాట అన్నీ తెలుగు తెరకి కొత్త. రితికా సింగ్ నిజంగా కిక్‌బాక్సర్ కావడం వల్ల ఆ దెబ్బలు నమ్మేలా ఉంటాయి. అయినా కథ నడిచే దారిలో ఆ అమ్మాయి తనని తిట్టే కోచ్‌నే ప్రేమించాలి. స్త్రీ తీసిన సినిమాలో కూడా, ఆడపిల్ల పట్టుదలకి ఒక మగవాడి మీద ప్రేమ తప్ప వేరే కారణం సరిపోలేదా? ఆట మీద ఇష్టం చాలదా?

తిట్టుని తిట్టుగానే గుర్తుపెట్టుకుని, అలాగే రాస్తే ఏమవుతుంది? దీనికి జవాబు మన హైదరాబాద్ క్రికెటర్ మిథాలీ రాజ్ దగ్గర ఉంది. మిథాలీ తన చిన్నప్పటి కోచ్ సంపత్ కుమార్ గురించి ఎన్నోసార్లు చెప్పింది. ఆమె 1999లో భారత జట్టులో మొదటి మ్యాచ్ ఆడి సెంచరీ చేసింది. అది చూడకుండానే ఆయన రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. ఆయన కాఠిన్యం గురించి ఆమె కృతజ్ఞతతో చెప్పిన మాటల్ని అందరూ నమ్మారు, ఇష్టంగా చదివారు. అదే మిథాలీ 2018 నవంబరులో ఇంకో కోచ్ గురించి రాసింది. టీ20 ప్రపంచకప్ సెమీఫైనల్లో తనని పక్కన పెట్టాక, కోచ్ రమేశ్ పొవార్ తనని అవమానించారని క్రికెట్ బోర్డుకి ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం పత్రికలకి చేరింది. ఆమె ఎవరితోనూ కలవదనీ, ఆమెతో పనిచేయడం కష్టమనీ ఆయన వైపు నుంచి బదులు వచ్చింది. ఎవరి మాట ఎంత నిజమో తేల్చడం నా పని కాదు. నేను పాఠకుల గురించి మాట్లాడుతున్నాను. పొగడ్త రాసినప్పుడు ఎవరూ ఆమెని సాక్ష్యం అడగలేదు. ఫిర్యాదు రాసినప్పుడు ఆమె స్వభావమే చర్చ అయింది. పందొమ్మిదేళ్లు దేశం తరఫున ఆడిన మనిషికే అలా అయితే, గుమ్మడికాయ అనిపించుకున్న పిల్ల ఏం రాస్తుంది?

మా జట్టులో అందరికంటే వేగంగా పరుగెత్తే అమ్మాయి అసలేమీ రాయలేదు. ఫోన్ చేసి అడిగితే "నా దగ్గర మంచి మాటలు లేవు, చెడ్డ మాటలు మీరు వెయ్యరు" అంది. ఆ ఖాళీ కాగితాన్ని కూడా నేను సావనీరులో భాగంగానే చదువుతున్నాను.

ఇంకో ఖాళీ కూడా ఉంది, అది నాకు ఆలస్యంగా కనిపించింది. ఒక కాగితంలో ఇలా ఉంది: "దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలిన వారంలోనే సార్ ప్రాక్టీస్ మొదలుపెట్టించారు. అదీ ఆయన క్రమశిక్షణ." 2013 ఫిబ్రవరి 21, గురువారం సాయంత్రం. బస్టాపు దగ్గర ఒకటి, థియేటర్ వైపు ఒకటి. మేం అప్పటికి ఇంకా దారుల్లోనే ఉన్నాం. ఆ వాక్యం చదవగానే నాకు గుర్తొచ్చింది సార్ కాదు, మేడమ్.

మా గ్రౌండ్‌లో ఒక మేడమ్ ఉండేది. పార్ట్‌టైమ్ పి.డి. పొద్దున అందరికంటే ముందు వచ్చి సున్నంతో గీతలు వేసేది. ఆమె సంచిలో దూది, గుడ్డ, నొప్పి మాత్రలు, సేఫ్టీ పిన్నులు, చిల్లర ఉండేవి. నెలసరి అని సార్‌కి చెప్పలేక పరుగెత్తుతున్న పిల్లని "స్కోర్ రాయనీకి ఒకరు గావాలె" అని వంక పెట్టి పక్కన కూర్చోబెట్టేది. సాయంత్రం ఎల్‌బీ నగర్ రింగ్‌రోడ్డులో చివరి అమ్మాయి బస్సెక్కే దాకా నిలబడేది. "ఇల్లు చేరినంక ఫోన్ కొట్టు" అనేది ఆమె రోజువారీ మాట. ఆ గురువారం రాత్రి ఫోన్లు కలవడం లేదు. ఆమె ప్రాక్టీసుకి వచ్చిన ప్రతి పిల్లకీ, పిల్ల దొరక్కపోతే నాన్నకీ, అన్నకీ, హాస్టల్ వార్డెన్‌కీ చేస్తూనే ఉంది. పది దాటాక నాకు కలిసింది. "నువ్వొక్కదానివే మిగిలినవ్" అని ఏడ్చింది. జట్టులో ఎంతమందిమో, ఎవరు ఏ బస్సులో పోతామో, ఎవరి ఇంట్లో ఫోన్ ఎవరు ఎత్తుతారో ఆమెకి తెలుసు. కోచింగ్ అంటే ఇది కాదా?

నలభై కాగితాల్లో ఆమె పేరు ఒక్కచోట లేదు. ఎందుకు లేదని ఆలోచిస్తే దొరికిన కారణం చాలా మామూలుది. మేం ఆమెని మర్చిపోలేదు, ఆమె గురించి రాసే సందర్భమే రాలేదు. గురువుని తలచుకోవడానికి ఒక సభ కావాలి. సభకి రిటైర్‌మెంట్ కావాలి. రిటైర్‌మెంట్‌కి పర్మనెంట్ పోస్టు కావాలి. పార్ట్‌టైమ్ వాళ్లు రిటైర్ కారు. ఒక జూన్‌లో కాలేజీ తెరిచాక కనిపించరు, అంతే. మరుసటి ఏడాది ఇంకెవరో సున్నం గీతలు వేస్తారు.

పోస్టు ఉన్నవాళ్లకైనా జ్ఞాపకం తేలిగ్గా దక్కదు. మలక్‌పేట దాటితే వచ్చే చాదర్‌ఘాట్ హైస్కూల్లో ఒకప్పుడు టీచరుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం భారత ఫుట్‌బాల్ జట్టుని 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి తెచ్చారు. క్యాన్సర్‌తో బాధపడుతూనే 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిపించి, మరుసటి ఏడాది కన్నుమూశారు. ఆయన మీద 'మైదాన్' సినిమా వచ్చింది 2024లో, అరవై ఏళ్లకి. ఆ అరవై ఏళ్లూ ఆయన్ని బతికించింది ఆటగాళ్ల మాటలే. వాళ్ల మాటలకి పత్రికల్లో చోటుంది, వినేవాళ్లున్నారు. మా మేడమ్ గురించి చెప్పాల్సింది మేము. మాకున్నది సార్ సావనీరులో అరపేజీ.

నా అరపేజీలో మొదట సార్ గురించి రెండు వాక్యాలు రాశాను. ఒక అమ్మాయి పెళ్లి ఆపించి ఆటకి తెచ్చారని ఒకటి. అందరి ముందూ మా బరువులు చదివేవారని రెండోది. మిగతాదంతా మేడమ్ గురించి. నా స్నేహితురాలు చదివి చాలాసేపు మాట్లాడలేదు. "నువ్వు రాసింది నిజమే. కానీ ఆ రోజు సార్ మనవరాళ్లు కూడ వస్తరే" అంది. రెండో వాక్యం తీసేయమంది. మేడమ్ సంగతి "వేరే ఎప్పుడన్నా" అంది. నాకు ఆమె మీద కోపం రాలేదు. సభకి ఒక మర్యాద ఉంటుంది. కానీ ఆ మర్యాద ఖర్చు ప్రతిసారీ మనమే ఎందుకు పెట్టుకోవాలి? నా కాగితం వెనక్కి తీసుకున్నాను.

తప్పులు దిద్దిన కట్ట ఇచ్చేసి వస్తూ, విక్టోరియా మెమోరియల్ మెట్రో స్టేషన్ మెట్ల మీద నిలబడి మేడమ్‌కి ఫోన్ చేశాను. నంబరు మారలేదు. "ఏందమ్మా, ఇన్నేండ్లకు" అంది. ఆమె గురించి రాస్తానని చెప్పాను. "సార్ మంచాయనే బిడ్డా, ఆయన మీద ఏం రాయకు" అంది ముందు. అవమానాన్ని కప్పే చర్మం ఆమెకీ ఉంది. తరువాత, "ఆ సున్నం పైసలు గూడ రెండేండ్లు నేనే పెట్టుకున్న, అది రాయి" అని నవ్వింది. పేరు మాత్రం వద్దంది. ఇప్పటికీ ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లల్ని ఆడిస్తోందట, పేరు బయటికొస్తే అక్కడ ఇబ్బందట.

అందుకే పేరు రాయడం లేదు. ఆమెకి పేరు లేకుండా చేసిన వ్యవస్థే నా చేత కూడా పేరు లేకుండా రాయిస్తోందని తెలుసు. కనీసం ఆమె చేసిన పనులకి పేర్లున్నాయి. గీతలు వేయడం, లెక్కపెట్టడం, నిలబడటం, ఫోన్ చేయడం. సావనీరులో చోటు లేని ఆ నాలుగు మాటలు ఇవి.