బావిలో ఉంటేనే...

డబ్బా మీద 400 అని ఉంటుంది. నేను మీటరులో 1600 పెడతాను. ఫిల్మ్ స్పీడు విషయంలో తెలిసి ఆడే ఈ అబద్ధానికి మావాళ్లు పెట్టుకున్న పేరు ‘పుష్ చేయడం’.

ఓ మే నెల రాత్రి మా ఊళ్లో పౌరాణిక నాటకం. కెమెరాలో ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ రీలు. 400 దగ్గర మీటరు సెకనులో 30వ వంతు చూపించింది. ఆ వేగంతో తీస్తే భీముడు తిప్పే గద పొగలా చెదిరిపోతుంది. 1600 పెట్టాను, 125వ వంతు వచ్చింది. రెండు స్టాపులు కలిసొచ్చాయి. ఇక వెనక్కి తిరిగేది లేదు. రీలంతా ఒకేసారి కడగాలి గనక 36 ఫొటోలూ ఆ లెక్కకే కట్టుబడాలి.

మర్నాడు కడగడం. ఐడీ-11 డెవలపర్‌ని నీళ్లు కలపకుండా వాడితే, 20 డిగ్రీల దగ్గర, 400కి ఏడున్నర నిమిషాలు, 1600కి 14 నిమిషాలు. మా కుళాయి నీళ్లేమో 30 దాటి ఉన్నాయి. బేసిన్‌లో ఐసు వేసి సీసాను నిలబెట్టాను. థర్మామీటరు 20కి దిగగానే ఐసు తీసేశాను. ఆపైన నిమిషానికోసారి పది సెకన్లు ట్యాంకును తిరగేయడం, మళ్లీ నీళ్లలో పెట్టడం.

ప్రింటులో గ్రెయిన్ బొంబాయి రవ్వలా తేలినా, గద మాత్రం చెక్కినట్టు నిలబడింది. భీముడి కణత మీద చెమట కూడా మెరుస్తోంది. హార్మోనియం వాయించిన పెద్దాయన ప్రింటును అటూ ఇటూ తిప్పి చూసి, “నేనెక్కడున్నాను నాయనా?” అన్నారు.

వేదిక పక్క మసకలో కూర్చున్న ఆయన ఫిల్మ్ మీదకి రానేలేదు. బావిలో ఉంటేనే కదా చేదలోకి వచ్చేది! వెలుగు తగిలిన వెండి లవణాన్నే డెవలపర్ నల్లబరుస్తుంది. ఎక్కువసేపు ఉంచితే బాగా తగిలినచోట ఇంకా చిక్కబడుతుంది. తగలనిచోట ఎంతసేపు నానబెట్టినా బొమ్మ పుట్టదు. పుష్ చేసినకొద్దీ కాంట్రాస్ట్ పెరిగేది అందుకే. 400 ఫిల్మ్ ఎప్పటికీ 400 ఫిల్మే. ఆ రాత్రి నేను నీడల్ని అమ్మి వేగాన్ని కొన్నాను. ఆ నీడల్లో పెద్దాయన ఉన్నారన్న సంగతి చూసుకోలేదు.

ఇప్పటికీ 1600 పెడుతూనే ఉన్నాను. కాకపోతే మీటరును ముందుగా హార్మోనియం మూలకి తిప్పుతున్నాను. అక్కడ ఎవరు కూర్చున్నారో చూశాకే భీముడి సంగతి.