మూత తీయని నీళ్లసీసాలు

పాఠం బుర్రకెక్కాలంటే ముందు బడి ఎలా ఉండాలో టీచరుగా నాకు నేర్పినవి ఆడపిల్లల నీళ్లసీసాలు. పొద్దున నింపుకొచ్చిన సీసా సాయంత్రం అట్లాగే ఇంటికి పోయేది. మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదు, నల్లాలో నీళ్లు రావు. అందుకని తాగడమే మానుకునేవాళ్లు. మధ్యాహ్నం లెక్కల పీరియడ్‌కల్లా తలనొప్పితో బల్ల మీద వాలిపోయేవాళ్లు. స్టాఫ్‌రూములో మాత్రం "ఆ పిల్లలకు లెక్కలు రావు" అనే పేరు. 2022 మార్చిలో మొదలైన 'మన ఊరు – మన బడి' పథకంలో 26,065 సర్కారు బళ్లకు అనుకున్న 12 రకాల పనుల్లో నీటి వసతి ఉన్న మరుగుదొడ్లూ ఉన్నాయి. ఏ డిజిటల్ క్లాసురూము కన్నా ముందు పెట్టాల్సిన చదువు ఖర్చు అదేనంటాను.

వసతుల లేమే కాదు, సిగ్గు కూడా పిల్లలను బడికి దూరం చేస్తుంది. మా బడి ఉన్న మేడ్చల్ 2016 దాకా రంగారెడ్డి జిల్లాలోదే. ఆ పాత జిల్లాలోనే 1991 నుంచి శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి.ఫౌండేషన్ జీతానికి కుదిరిన పిల్లలను, పశువుల వెంట పోయే పిల్లలను బడిబాట పట్టించింది. పేదరికం వల్లే పిల్లలు చదవరన్న మాటను వాళ్లు ఒప్పుకోలేదు. పన్నెండేళ్ల పిల్లను ఒకటో తరగతి చిన్నపిల్లల మధ్య కూర్చోబెడితే సిగ్గుతో మర్నాడు రాదు. అందుకే ముందు బ్రిడ్జి కోర్సు క్యాంపులో ఆటపాటలతో బెరుకు పోగొట్టి, చదువు నేర్పి, ఈడుకు తగ్గ తరగతిలో చేర్చేవాళ్లు.

2009 విద్యాహక్కు చట్టం కొట్టడంతోపాటు మానసిక వేధింపునూ నిషేధించింది. బెత్తం చాలావరకు పోయింది గానీ వెక్కిరింపు పోలేదు. తప్పు చెబితే నవ్వుతారని భయపడే పిల్లాడు, "అర్థమైందా?" అని అడిగితే అందరితో కలిసి "అయింది టీచర్" అనేస్తాడు. ఇక వాడి దగ్గర పాఠం ఆగిపోయినట్టే.

మా వైపు ఈ భయం ఎక్కువ. ఫ్యాక్టరీ పనులకు బిహార్ నుంచి, ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి వచ్చినవాళ్ల పిల్లలు ఊరి పిల్లల పక్కనే కూర్చుంటారు. బోర్డు మీది అక్షరాలను ముత్యాల్లా దించుకుంటారు, చదవమంటే తల వంచుకుంటారు. తీసివేత వచ్చిన ఒడియా పిల్లాడు "ఇంకా ఎన్ని మిగిలాయి?" అని తెలుగులో అడిగితే బిక్కమొహం వేస్తాడు. పక్కనున్న ఊరి పిల్ల తనకొచ్చిన హిందీలో, చింతగింజలు జరుపుతూ చెబుతుంది. "మాట్లాడొద్దు" అంటే ఆ సాయం అక్కడే ఆగిపోతుంది. అందుకే లెక్కల పీరియడ్‌లో నా క్లాసు గోలగా ఉంటుంది. పక్క క్లాసు టీచర్లకు ఇబ్బందే, వాళ్లతో మాట్లాడి చెట్టు కిందికి మార్చుకున్నాను.