రాయికి రెండో వైపు

మ్యూజియాల్లో ఉచితంగా తిప్పి చూపించే గైడెడ్ టూర్లని మనం ఒక సౌకర్యంగానే చూస్తాం. నాకైతే అవి హరికథలాగా ఒక కథన ప్రక్రియ అనిపిస్తాయి. గైడు వేల వస్తువుల్లోంచి ఏడెనిమిదింటిని ఏరుకోవాలి, ఒక వరసలో పెట్టాలి, అరగంటలోనో నలభై నిమిషాల్లోనో ముగించాలి. దేని దగ్గర ఆగారు, దేన్ని ఒక్క మాటతో దాటేశారు అన్నదాంట్లోనే ఆ టూరు అభిప్రాయం ఉంటుంది. అందుకే దాన్ని విమర్శించవచ్చు కూడా.

పోయిన వేసవి సెలవుల్లో లండన్‌లో ఇలాంటి టూర్లు పట్టుకునే తిరిగాను. అక్కడి పెద్ద మ్యూజియాల్లో చాలావాటికి ప్రవేశం ఉచితం. బ్రిటిష్ మ్యూజియంలో వాలంటీర్లు కొన్ని గదుల్ని ఉచితంగా చూపిస్తారు. నేను వెళ్ళిన టూరులో చివరి మజిలీ అమరావతి శిల్పాలుండే 33ఏ గది.

గైడు ఒక పెద్దావిడ. ఆవిడ ఎంచుకున్న ఫలకం రెండు వైపులా చెక్కినది. ఒక వైపు క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దపు పని: బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కుతున్న మనుషులు. బుద్ధుడి రూపం ఉండదు. మూడు నాలుగు వందల ఏళ్ళ తర్వాత శిల్పులు అదే రాయిని తిప్పి, వెనకవైపు నిండైన అలంకారాలతో ఒక స్తూపాన్ని చెక్కారు. ఆవిడ ముందుగా ఏమీ చెప్పకుండా ఆ ఖాళీ ఆసనాన్ని ఒక నిమిషం చూడమంది. శిల్పాన్ని ఎలా చూడాలో అంత చక్కగా నేర్పినవాళ్ళు నాకు అరుదుగా తగిలారు.

అప్పుడొక కుర్రాడు అడిగాడు, ఇవి ఇక్కడికెలా వచ్చాయని. ఆవిడ దాటవేయలేదు. కాలిన్ మెకంజీ, 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వకాలు, మద్రాసు, 1859లో లండన్‌కి ఓడ. నాలుగు వాక్యాలు. టైమైపోయింది.

ఆవిడని తప్పుపట్టను. నా అభ్యంతరం ఈ ప్రక్రియ మీదే. ఇందులో రాతి మీది కథ అసలు కథవుతుంది, రాతి కథేమో ఎవరైనా అడిగితే చెప్పే జవాబవుతుంది. ఆ ప్రయాణం వెనక ఉన్న అధికారం, కంపెనీ పాలనలో ఊరి మాటకి విలువ లేకపోవడం, ఇవన్నీ ఆ నాలుగు వాక్యాల్లో పట్టవు.

అయితే మనం చెప్పుకునే కథ ఇంకా పొట్టిది: “తెల్లవాళ్ళు ఎత్తుకుపోయారు.” ఒక్కటే వాక్యం. 18వ శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్నం కట్టిస్తున్నప్పుడు దీపాలదిన్నె రాళ్ళు కట్టడాలకి వెళ్ళిపోయిన సంగతి అందులో ఉండదు. పాలరాయిలాంటి ఆ సున్నపురాయిని సున్నం కోసం కాల్చిన సంగతీ ఉండదు. 1816లో మళ్ళీ వచ్చిన మెకంజీ తన చిత్రకారులతో బొమ్మలు గీయించాడు. వాటిలో కొన్ని ఫలకాలు ఇప్పుడు ఆ బొమ్మల్లోనే మిగిలాయి. దీనివల్ల ఇలియట్ చేసింది న్యాయమైపోదు. కానీ తిరిగి ఇమ్మని గట్టిగా అడగాలంటే, మన చేతుల్లో పోయిన వాటి లెక్క కూడా మనమే చెప్పగలగాలి.

ఒకే స్తూపం రాళ్ళు ఈనాడు అమరావతిలో కొన్ని, చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో కొన్ని, లండన్‌లో కొన్ని ఉన్నాయి. ఏ ఒక్క గదిలో నిలబడి చెప్పినా కథ సగమే. కనీసం అది సగమని ఒప్పుకునే టూరు మంచి టూరు. ఆ ఫలకమే అందుకు దారి చూపిస్తుంది: పాత రాయిని తిప్పి కొత్త అవసరానికి వాడుకోవడం మెకంజీతోనో నాయుడుగారితోనో మొదలవలేదు, స్తూపం కట్టినవాళ్ళతోనే మొదలైంది. అక్కణ్ణించి ఎత్తుకుంటే శిల్పమూ ప్రయాణమూ ఒకే కథలో ఒదుగుతాయి.

మీరెప్పుడైనా ఇలాంటి టూరుకి వెళితే ఆ కుర్రాడి ప్రశ్న చివరిదాకా దాచుకోకండి. మొదటి వస్తువు దగ్గరే అడగండి.