ఆకు తిప్పే చేతులు

తాళపత్రాలకు ఫొటోలు తీసేవాళ్ల ఓర్పు గొప్పది. ముందు కట్టు విప్పి, మెత్తటి కుంచెతో దుమ్ము దులుపుతారు. గంటంతో గీసిన అక్షరాలు వెలిసిపోయి ఉంటే నిమ్మగడ్డి నూనెతో తుడిచి, మసి పట్టిస్తారు. అక్షరాలు మళ్లీ నల్లగా తేలతాయి. ఆకు వంగకుండా, పైనుంచి కెమెరాతో రెండు వైపులా తీస్తారు. పక్కనే కొలబద్ద, రంగుల పట్టీ ఉంటాయి. ఒక్క ఆకు సంఖ్య తప్పినా గ్రంథం వరస చెడుతుంది.

సి.పి.బ్రౌన్ వ్రాతప్రతులు సేకరించి, పండితులతో పరిష్కరింపజేసి, 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. ఈ ఫొటోలు తీసేవాళ్లదీ ఆ కోవలోని సేవే. ఇకపై పెళుసైన ఆకును పదేపదే ముట్టుకోనక్కర్లేదు. రేపల్లెలో ఉన్నా, అమెరికాలో ఉన్నా గ్రంథాన్ని ఫొటోల్లో చదువుకోవచ్చు. గ్రంథం మీద పేరుండని ఈ పనివాళ్లకు తెలుగు పాఠకులందరం రుణపడి ఉన్నాం.