రెండో చార్మినార్

స్టాంపులు పోగేసేవాళ్ల దగ్గర ఒకే బిళ్ల రెండుమూడు ఉండటం మామూలే. ఆ మిగులును ఆన్‌లైన్ వేలంలో అమ్మే చిన్న అమ్మకందారు పనితనం నాకు భలే ఇష్టం.

నిజాం సర్కారు 1931లో వేసిన చార్మినార్ బొమ్మ ఒక అణా స్టాంపునే తీసుకోండి. పెద్ద ఖరీదైనదేం కాదు. అయినా పట్టకారుతోనే ఎత్తుతాడు, వేలి చెమట తగలనివ్వడు. నల్ల అట్ట మీద పెట్టి ముందూ వెనకా ఫొటో తీస్తాడు. నలుపు మీద అంచు పళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు, విరిగింది దాగదు. వెనక జిగురుందా, ఆల్బంలో అతికించిన మచ్చుందా, వెలుతురుకు పడితే కాగితం ఎక్కడైనా పలచబడిందా, అన్నీ రాస్తాడు. లోపాన్ని మొదటి వాక్యంలోనే చెప్పేసే అమ్మకందారంటే నాకెంతో గౌరవం. కొనేవాడు చేత్తో తాకి చూడలేడు మరి!

ఇంత చిన్న సరుకును విడిగా వేలం వేయడం పెద్ద సంస్థలకు గిట్టదు. 1995లో ఈబే వచ్చాక ఇంట్లో బల్ల దగ్గరే ఆ పని సాధ్యమైంది.

అమ్ముడయ్యాక పారదర్శక కవరు, రెండు గట్టి అట్టలు, స్పీడ్ పోస్టు. పైన తపాలా రుసుముకి పాత స్మారక స్టాంపులే ఏరి అతికించేవాళ్లున్నారు. కొన్నవాడికి ఆ కవరూ సేకరణలోకి చేరుతుంది.